సైనిక ఛురికలు, ఉత్తర తెలంగాణ ఉక్కు

సైనిక ఛురిక అనగా సైనికుడు తన ప్రధాన ఆయుధానికి తోడుగా నడుమున, దట్టీలో, లేదా తుపాకి కొనన ధరించే పొట్టి కత్తి. దీనినే బాకు, కటారి, పిడిబాకు అని సందర్భాన్ని బట్టి పిలుస్తారు. ఈటె విరిగినప్పుడు, ఖడ్గం చేజారినప్పుడు, తుపాకిలో మందు అయిపోయినప్పుడు, శత్రువు చేయి చాచితే అందేంత దగ్గరకు వచ్చినప్పుడు ఉపయోగపడే చివరి ఆయుధం ఇది. ఫిరంగులు, విమానాలు వచ్చిన తరువాత కూడా ఏ దేశపు సైన్యమూ కత్తిని పూర్తిగా విడిచిపెట్టలేదు.

ఛురిక చరిత్ర ఒక విధంగా ఉక్కు చరిత్ర కూడా. కత్తి ఎంత పొడవు ఉండాలి, ఎంత పలుచగా ఉండాలి, మొన ఎంత సన్నగా ఉండాలి అన్నది కమ్మరి ఊహ మీద కంటే అతని చేతిలోని లోహం మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఆ లోహాన్ని తయారుచేసి ప్రపంచానికి అందించిన ప్రాంతాలలో గోదావరికి ఇరువైపులా ఉన్న ఉత్తర తెలంగాణ ముఖ్యమైనది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని ఖానాపూర్, నిర్మల్, పూర్వపు కరీంనగర్ జిల్లాలోని మెట్‌పల్లి, ఇబ్రహీంపట్నం, నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం, ఇందల్వాయి ఈ చరిత్రలో కనిపించే ఊళ్ళు. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఖానాపూర్ నిర్మల్ జిల్లాలోనూ, మెట్‌పల్లి జగిత్యాల జిల్లాలోనూ ఉన్నాయి.

కత్తి భాగాలు

ఏ కత్తికైనా పిడి, అలుగు అని రెండు ప్రధాన భాగాలుంటాయి. అలుగులో కోసే అంచును వాదర అనీ, దానికి ఎదురుగా మందంగా ఉండే వైపును వెన్ను అనీ, చివరను మొన అనీ అంటారు. అలుగు పిడిలోపలికి సన్నని తోకలా దిగి ఉంటుంది. కత్తి విరిగితే చాలా సందర్భాలలో ఈ తోక దగ్గరే విరుగుతుంది. చేయి జారి వాదర మీదకు పోకుండా పిడికీ అలుగుకూ మధ్య ఒక అడ్డుకమ్మి ఉంటుంది. కత్తిని ఉంచుకొనే తొడుగు ఒర.

చాలా కత్తుల అలుగు మీద పొడవునా ఒక గాడి కనిపిస్తుంది. అది రక్తం కారిపోవడానికి పెట్టినదని ఒక నమ్మకం ఉంది. పాఠశాలలో పిల్లలు ఎన్నోసార్లు ఈ మాట అడిగారు, కొందరు ఉపాధ్యాయులు కూడా అదే చెప్పేవారు. అది సరికాదు. గాడి వలన కత్తి బరువు తగ్గుతుంది, అయినా వంగకుండా నిలిచే బిగువు పెద్దగా తగ్గదు. ఇనుప దూలాలను నిండుగా కాక మధ్యలో సన్నగా చేయడం వెనుక ఉన్న సూత్రమే ఇక్కడా ఉన్నది.

పొడవడానికి చేసిన కత్తికీ, కోయడానికి చేసిన కత్తికీ రూపం వేరు. పొడిచే కత్తి నిటారుగా, రెండు వాదరలతో, మొన వైపు సన్నబడుతూ ఉంటుంది. కోసే కత్తికి ఒకే వాదర, మందమైన వెన్ను ఉంటాయి. సైనికుడికి ఈ రెండు పనులూ కావాలి, వాటితో పాటు కట్టెలు నరకడం, తాళ్ళు కోయడం, డబ్బా మూతలు తెరవడం కూడా కావాలి. ఒక్క కత్తితో ఇన్ని పనులు చేయించాలన్న ప్రయత్నమే సైనిక ఛురిక రూపంలో వచ్చిన మార్పులలో చాలావాటికి మూలం.

తొలి రూపాలు

చెకుముకి రాతి పెచ్చులతో చేసిన కత్తుల తరువాత రాగి, కంచు కత్తులు వచ్చాయి. కంచు పోత పోయడానికి అనువైనది కాని, పొడవైన సన్నని అలుగు చేస్తే వంగిపోతుంది. అందువలన కంచు బాకులు పొట్టిగా, మధ్యలో ఎత్తైన నడిమి ఈనెతో ఉండేవి. ఇనుము వచ్చిన వెంటనే పరిస్థితి బాగుపడలేదు. మెత్తని ఇనుము కంచుకంటే మేలైనదేమీ కాదు. ఇనుములో కొద్దిపాటి కర్బనం చేరి ఉక్కుగా మారి, దానిని ఎర్రగా కాల్చి నీటిలో ముంచి గట్టిపరచడం తెలిసిన తరువాతనే అసలు మార్పు మొదలైంది. మన కమ్మరులు దీనినే పాయనం పెట్టడం అంటారు.

రోమను సైనికులు నడుముకు పూజియో అనే వెడల్పైన బాకును ధరించేవారు. మధ్యయుగపు ఐరోపాలో ఇనుప కవచాలు పెరిగిన కొద్దీ బాకులు సన్నబడి, కవచపు అతుకుల మధ్య దూరే సూదుల వలె తయారయ్యాయి. కవచం మారితే కత్తి మారుతుంది అన్నది దాదాపు అన్ని దేశాలలోనూ కనిపించే విషయం. తెలంగాణ పల్లెలలో కనిపించే వీరగల్లుల మీద యుద్ధంలో మరణించిన వీరుని బొమ్మలో చేతిలో ఖడ్గం, నడుమున చిన్న కత్తి చెక్కి ఉండటం గమనించవచ్చు.

దక్కను ఛురికలు

దక్షిణ భారతదేశం సైనిక ఛురికకు ఇచ్చిన ప్రత్యేక రూపం కటారి. సాధారణ కత్తికి పిడి అలుగుకు కొనసాగింపుగా ఉంటుంది. కటారిలో అలా కాదు, పిడి అలుగుకు అడ్డంగా ఉంటుంది. నిచ్చెన మెట్టును పట్టుకున్నట్లు రెండు కమ్మీల మధ్య అడ్డపట్టీని గుప్పిట పట్టుకోవాలి. అప్పుడు అలుగు పిడికిలికి నేరుగా ముందుకు సాగుతుంది, మణికట్టు వంగే అవసరం లేకుండా భుజబలమంతా మొన మీదకు వస్తుంది. గొలుసు కవచాన్ని చీల్చడానికి కటారి మొనను కావాలనే మందంగా చేసేవారు. విజయనగర కాలపు కటారులకు పిడికిలిని కప్పే ఆకు వంటి రేకు ఉండేది. తంజావూరు ఆయుధాగారంలోని కటారులు ఈ రకానికి ప్రసిద్ధమైనవి. తరువాత మొగలుల కాలంలో ఆ రేకు పోయి రెండు పక్కకమ్మీలు మాత్రమే మిగిలాయి.

దక్కనుకు చెందిన మరొక బాకు చిలానం. రెండు వంపులు తిరిగిన అలుగు, పూర్తిగా ఉక్కుతోనే చేసిన పిడి దీని లక్షణాలు. తేలు కొండిని పోలినది కనుక బిచువా అని పిలిచే బాకు కూడా ఇటువంటి వంపుదే. 1659లో శివాజీ, అఫ్జల్ ఖానుల సమావేశ కథనాలలో పులిగోళ్ళతో పాటు దీని ప్రస్తావన వస్తుంది. ఇరాను, మధ్య ఆసియాల నుండి ఖంజరు, పేష్‌కబ్జు వచ్చాయి. పేష్‌కబ్జుకు వెన్ను నిలువుకోతలో ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది. సన్నని మొన విరగకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. నిజాము సైన్యంలో చేరిన హద్రమౌత్ అరబ్బులు జంబియా అనే వంపు బాకును దట్టీ ముందు భాగంలో ధరించేవారు. వారి సంతతి నేటికీ హైదరాబాదు బార్కస్ ప్రాంతంలో ఉన్నది.

రాజదర్బారులలో బాకు క్రమంగా హోదాకు గుర్తుగా మారింది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీరు బాకు, నూర్జహాను పండ్లు కోసుకొనే కత్తి ఉన్నాయి. పచ్చరాతి పిడులు, రత్నాలు చూసి సందర్శకులు ముందుకు సాగిపోతారు. ఆయుధాల గదిలో కొంచెం ఓపికతో నిలబడి అలుగుల మీద నీటి అలల వంటి చారలున్నాయేమో వెదకడం మంచిది. ఆ చారల కథే ఈ వ్యాసంలో ముఖ్యభాగం.

ఖానాపూర్ చుట్టుపట్ల ఇనుము

ఖానాపూర్ గోదావరికి ఉత్తరపు ఒడ్డు వైపున, నిర్మల్ నుండి జన్నారం వైపు సాగే అటవీ ప్రాంతంలో ఉన్నది. నది దాటితే మల్లాపూర్, ఇబ్రహీంపట్నం, మెట్‌పల్లి. ఉక్కు చేయడానికి కావలసినవన్నీ ఈ ప్రాంతంలో దగ్గరదగ్గరగా దొరికేవి. వాగుల ఇసుకలో అయస్కాంతానికి అంటుకొనే నల్లని ఇనుప రేణువులు, కొండలలో ముడి ఖనిజం, బొగ్గు కాల్చడానికి అంతులేని అడవి, మూసలు చేయడానికి మట్టి, ఆ మట్టిలో కలపడానికి వరి ఊక ఇక్కడే లభించేవి. నిర్మల్‌కు తూర్పున, నేటి మామడ మండలంలోని దిమ్మదుర్తి పరిసరాల ఖనిజం పేరు పాత గజెటీర్లలో కనిపిస్తుంది.

ఇనుము తీయడం ఒక పని, ఉక్కు చేయడం మరొక పని. చాలా గ్రామాలలో ఇనుము మాత్రమే తీసేవారు. నిలువెత్తు కూడా లేని మట్టి కొలిమిలో బొగ్గు, ఖనిజం పొరలుగా వేసి తోలు తిత్తులతో గాలి ఊదేవారు. ఇనుము కరగదు, ముద్దగా అడుగున చేరుతుంది. దానిని సమ్మెటలతో బాది మలినాలు పోగొట్టేవారు. కరిగి బయటకు వచ్చిన మలినమే చిట్టెం. ఆయుర్వేదంలో మండూరం అని వాడేది ఇదే. ఈ ప్రాంతపు పొలాలలో నాగలికి తగిలే నల్లని బరువైన గుళ్ళరాళ్ళు చాలావరకు ఇటువంటి చిట్టెమే. అది ఉన్నచోట ఒకప్పుడు కొలిమి ఉండేదని అర్థం.

ఇక్కడి గోండుల ఆరాధనలో ఇనుముకు ఉన్న స్థానం కూడా చెప్పుకోదగినది. వారి వంశదేవత పెర్స పేన్‌కు ప్రతీక ఇనుప ఈటె మొన. దానిని యుద్ధానికి వాడరు. భక్తితో దాచి పండుగనాడు బయటకు తీస్తారు. ఆయుధరూపం ఆయుధంగా పనిచేయడం మానిన తరువాత కూడా బ్రతికి ఉండటానికి ఇది ఒక ఉదాహరణ.

ఆయుధాల తయారీ కూడా ఈ ప్రాంతంలో జరిగింది. 1666-67 ప్రాంతంలో గోల్కొండ రాజ్యంలో పర్యటించిన ఫ్రెంచి యాత్రికుడు జాన్ డి తెవెనో ఇందల్వాయి గురించి వ్రాస్తూ, అక్కడ ఖడ్గాలు, బాకులు, బల్లేలు విస్తారంగా తయారై హిందూదేశమంతటా అమ్ముడుపోతాయని, వాటికి కావలసిన ఇనుము దగ్గరి కొండ గని నుండి వస్తుందని పేర్కొన్నాడు. మన ప్రాంతంలో సైనిక ఛురికలు చేసేవారనడానికి ఉన్న స్పష్టమైన ఆధారాలలో ఇది ఒకటి. నేడు జాతీయ రహదారి మీద బస్సులో ఇందల్వాయి దాటేవారికి ఈ సంగతి సాధారణంగా తెలియదు.

కోనసముద్రంలో ఉక్కు తయారీ

కోనసముద్రం నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని గ్రామం. గోదావరికి దక్షిణాన, నిర్మల్‌కు కొద్ది దూరంలో ఉంటుంది. ఇక్కడి ఉక్కు తయారీని కళ్ళారా చూసి వ్రాసినవాడు హెన్రీ వెస్లీ వాయిసీ. ఈయన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. లాంబ్టన్ నాయకత్వంలోని త్రికోణమితి సర్వేలో పనిచేశాడు. 1824లో మరణించాడు. ఆయన వ్రాసిన వివరణ బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో 1832లో, అంటే ఆయన చనిపోయిన ఎనిమిదేళ్ళకు అచ్చయింది.

వాయిసీ వివరించిన పద్ధతి ఇది. రెండు రకాల ఇనుము తీసుకుంటారు. ఒకటి ఆయన మిర్ట్‌పల్లి అని వ్రాసిన ఊరిది, ఇది నేటి మెట్‌పల్లి అని భావిస్తున్నారు. ఈ ఇనుము ఇసుక ఖనిజం నుండి తీసినది. రెండవది కొండాపురం ఇనుము, ఎర్రమట్టి నేలలోని ఖనిజం నుండి తీసినది. మొదటిది మూడు పాళ్ళు, రెండవది రెండు పాళ్ళు కలుపుతారు. ఈ ముక్కలను మట్టి మూసలో వేసి, కొద్దిగా గాజువంటి పదార్థాన్ని చేర్చి, మూత పెట్టి మూసివేస్తారు. కొలిమిలో పెట్టి తిత్తులతో దాదాపు ఇరవైనాలుగు గంటలు ఎడతెగకుండా ఊదుతారు. తరువాత చల్లారనిచ్చి మూసను పగులగొడితే లోపల గుండ్రని ఉక్కు బిళ్ళ ఉంటుంది. దాని బరువు సుమారు ఒకటిన్నర పౌన్లు, అంటే 700 గ్రాములకు కొంచెం తక్కువ.

ఆ బిళ్ళను వెంటనే సుత్తితో కొడితే పగిలిపోతుంది. అందువలన దానికి మట్టి పూసి మళ్ళీ పన్నెండు నుండి పదహారు గంటలపాటు కాల్చి చల్లారుస్తారు. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే కాని సాగగొట్టడానికి అనువుగా మెత్తబడదు. ఒక్క బిళ్ళకు పట్టిన సమయాన్నీ, కాలిన బొగ్గునూ ఊహిస్తే ఆ ఉక్కు ధర ఎందుకు ఎక్కువగా ఉండేదో అర్థమవుతుంది.

ఇక్కడ రెండు విషయాలు విద్యార్థులు గమనించదగినవి. మొదటిది మూస. ఉక్కు కరగడానికి 1400 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతపు వేడి కావాలి. మామూలు కుండమట్టి అంత వేడికి నిలవదు. ఇక్కడి మూసల మట్టిలో వరి ఊక, పాత మూసల పొడి కలిపేవారు. ఊక కాలి, దానిలోని సిలికా, కర్బనం మూస గోడలో అస్థిపంజరంలా నిలిచి బలమిచ్చేవి. 1980 దశకం నుండి థెల్మా లోవ్ అనే అమెరికా పరిశోధకురాలు కోనసముద్రం మూసల పెంకులను సూక్ష్మదర్శినితో పరీక్షించి ఈ సంగతులు వెల్లడించింది. పొలంలో పారవేసిన వరి పొట్టు ప్రపంచ వాణిజ్యానికి ఆధారమైన ఉక్కుకు గోడ కావడం ఆశ్చర్యకరమే.

రెండవది కర్బనం. తమిళనాడు, మైసూరు ప్రాంతాలలో మెత్తని ఇనుమును కట్టెముక్కలు, ఆకులతో కలిపి మూసలో మూసి వేడిచేసేవారు. ఆ కట్టె నుండి కర్బనం ఇనుములోకి చేరేది. కోనసముద్రం పద్ధతిలో రెండు వేర్వేరు గుణాల ఇనుములను కలిపి కరిగించడం ముఖ్యం. దీనిని పరిశోధకులు దక్కను పద్ధతి లేదా హైదరాబాదు పద్ధతి అంటారు. ఏ పద్ధతిలోనైనా వచ్చే ఉక్కులో ఒకటి నుండి రెండు శాతం వరకు కర్బనం ఉంటుంది. నేటి మామూలు కట్టడపు ఇనుప కడ్డీలో ఇది పావు శాతం ప్రాంతంలోనే ఉంటుంది.

మన మాటలో ఇది ఉక్కు, కన్నడంలోనూ ఉక్కే. 18వ శతాబ్ది చివర ఆంగ్లేయుల చేతిలో ఈ మాట "ఊట్జ్"గా మారిందని సాధారణంగా చెబుతారు. బొంబాయి నుండి హెలీనస్ స్కాట్ అనే వైద్యుడు లండనుకు పంపిన బిళ్ళలను పరీక్షించి 1795లో జార్జి పియర్సన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంతో ఆ పేరు శాస్త్ర గ్రంథాలకు ఎక్కింది. తరువాత విద్యుత్తు పరిశోధనలతో ప్రసిద్ధుడైన మైకేల్ ఫారడే కూడా 1819-22 మధ్య స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలసి ఈ ఉక్కు రహస్యాన్ని ఛేదించాలని ప్రయత్నించాడు. ఫారడే తండ్రి కమ్మరి.

డమాస్కస్ కత్తి అన్న పేరు

కోనసముద్రంలో డమాస్కస్ కత్తులు తయారయ్యేవని పుస్తకాలలోనూ, ప్రసంగాలలోనూ తరచు కనిపిస్తుంది. ఊరిమీద అభిమానంతో చెప్పినా, ఈ మాటను కొంచెం సవరించుకోవాలి. వాయిసీ చూసినది ఉక్కు బిళ్ళల తయారీ. ఆ బిళ్ళలు ఎక్కువగా ఇరానుకు, అక్కడి నుండి ఇతర దేశాలకు వెళ్ళేవి. ప్రసిద్ధమైన అలల చారల కత్తులుగా వాటిని సాగగొట్టినవారిలో ఇస్ఫహాను వంటి నగరాల కమ్మరులు ముఖ్యులు. వాయిసీ వెళ్ళినప్పుడు కోనసముద్రంలో ఇస్ఫహానుకు చెందిన హాజీ హుసేన్ అనే వర్తకుడు స్వయంగా ఉండి, తయారీని పర్యవేక్షిస్తూ, బిళ్ళలను తూకం వేయించుకుంటున్నాడు. తమ దేశంలో ఈ ఉక్కును చేయాలని ప్రయత్నించి విఫలమయ్యామని అతడు చెప్పాడట. ఒక మారుమూల గ్రామానికి ఇరాను వర్తకుడు వచ్చి మకాం వేయడాన్ని మించిన యోగ్యతాపత్రం ఏముంటుంది? కత్తి పేరు ఎవరికి దక్కినా ఉక్కు మాత్రం ఇక్కడిది.

17వ శతాబ్దిలో వజ్రాల వర్తకుడు టావెర్నియే కూడా ఇదే చెప్పాడు. చారలు తేలే ఉక్కు గోల్కొండ రాజ్యం నుండే వస్తుందనీ, చిన్న రొట్టె అంత ముద్దలుగా అమ్ముతారనీ, మంచిదో కాదో తెలియడానికి దానిని రెండుగా కోసి చూస్తారనీ, ఒక్కో సగంతో ఒక కత్తి అవుతుందనీ వ్రాశాడు. అదే శతాబ్దిలో కోరమాండల్ తీరం నుండి డచ్చివారు వేల సంఖ్యలో ఉక్కు బిళ్ళలను ఇరానుకూ, బటావియాకూ చేరవేసేవారు. ఇంతకు ఎంతో ముందే అరబ్బీ భాషలో మంచి ఖడ్గానికి "ముహన్నద్" అన్న పేరు స్థిరపడింది. హిందూదేశపు ఉక్కుతో చేసినదని దాని అర్థం.

చారలు ఎలా వస్తాయి? కరిగిన ఉక్కు మూసలో చాలా నెమ్మదిగా చల్లారుతుంది. అధికంగా ఉన్న కర్బనం ఇనుముతో కలసి సిమెంటైటు అనే గట్టి పదార్థంగా విడిపోతుంది. కమ్మరి తక్కువ ఎరుపు వేడిలో మాత్రమే ఓపికగా కొట్టి సాగదీస్తే, ఆ గట్టి కణాలు వరుసలు కడతాయి. తెల్లగా కాల్చి కొడితే చారలు మాయమై కత్తి ముక్కలవుతుంది. చివరగా ఆమ్లద్రవంతో తుడిస్తే మెత్తని భాగం నల్లబడి గట్టి వరుసలు తెల్లగా మెరుస్తాయి. 1998లో వెర్హోవెన్, పెండ్రే, డౌక్ష్ అనే ముగ్గురు అమెరికన్లు ఈ వరుసలకు ఖనిజంలో అతి స్వల్పంగా ఉండే వెనేడియం వంటి లోహాలు కారణమని చూపించారు. ఇది నిజమైతే ప్రాంతం మారితే, గని మారితే చార రాదు. నేర్పు అంతా ఉన్నా ఫలితం రానప్పుడు ఆ కమ్మరికి కారణం తెలిసే అవకాశమే లేదు. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు 17వ శతాబ్దపు ఒక కత్తి ముక్కలో కర్బన సూక్ష్మనాళికలు చూశామని ప్రకటించారు. దీనిని పట్టుకొని మన పూర్వులకు నానోశాస్త్రం తెలుసునని కొందరు వ్రాస్తున్నారు. తెలిసి చేసిన శాస్త్రం వేరు, తరతరాల అనుభవంతో సాధించిన నేర్పు వేరు. రెండవది తక్కువది కాదు.

ఈ ఉక్కుకు ఒక లోపం కూడా ఉంది. చలిదేశాలలో, గట్టి దెబ్బకు, భాస్వరం ఎక్కువైన ఉక్కు విరిగే ప్రమాదం ఉంటుంది. వాదర పదును బాగా నిలుస్తుంది కాని నిర్లక్ష్యంగా వాడితే సహించదు. కనుక వంపు ఖడ్గాలకు, పొట్టి బాకులకు ఇది అనువుగా ఉండేది. పల్లె కమ్మరులు కూడా పనిముట్టు మొత్తం ఉక్కుతో చేయక, మెత్తని ఇనుముకు వాదర దగ్గర మాత్రం ఉక్కు ముక్కను అతికేవారు. ఖర్చూ తగ్గుతుంది, విరగడమూ తగ్గుతుంది.

తుపాకి కొనకు చేరిన కత్తి

17వ శతాబ్దిలో ఐరోపాలో తుపాకి గొట్టంలోకి పిడిని దూర్చే కత్తి వచ్చింది. ఫ్రాన్సులోని బయోన్ పట్టణం పేరు మీద దీనికి బాయొనెట్ అనే పేరు వచ్చిందంటారు. ఉర్దూలో సంగీన్. గొట్టంలో కత్తి దిగి ఉన్నప్పుడు తుపాకి పేల్చడం కుదరదు కనుక, ఆ శతాబ్ది చివరకు గొట్టం చుట్టూ బిగిసే కంటెతో, పక్కకు వంగిన మెడతో కొత్త రకం చేశారు. దానితో ఒకే సైనికుడు తుపాకిదారు, బల్లెగాడు కూడా అయ్యాడు.

తెలంగాణలో ఈ మార్పుకు ప్రధాన కారకుడు ఫ్రెంచి సేనాని రేమండ్. నిజాము కొలువులో ఆయన ఐరోపా పద్ధతిలో సుమారు 14,000 మంది పదాతిదళాన్ని తయారుచేశాడు. 1786లో హైదరాబాదులో ఫిరంగుల కర్మాగారం నెలకొల్పాడు. నేటి గన్‌ఫౌండ్రీ ప్రాంతానికి ఆ పేరు దాని నుండే వచ్చింది. 1798లో రేమండ్ మరణించాడు, అదే ఏడు ఆంగ్లేయులు ఆ దళాన్ని రద్దు చేయించారు. కాని వరుసలో నిలిచి, ఒకే రకం తుపాకి, ఒకే రకం బాయొనెట్ పట్టే సైనికుడు మాత్రం మిగిలాడు. కటారి ఒక్కొక్కరి చేతికి, హోదాకు తగినట్లు చేసినది. బాయొనెట్ అందరికీ ఒకే కొలత. కోనసముద్రం బిళ్ళకు గిరాకీ తగ్గడానికి బీజం ఇక్కడే పడింది.

పరిశ్రమ క్షీణత

వాయిసీ చూసిన నాటికే ఈ పరిశ్రమ మునుపటంత పెద్దది కాకపోవచ్చు, అయినా సజీవంగానే ఉంది. తరువాతి కాలంలో అన్ని వైపుల నుండి దెబ్బలు తగిలాయి. ఇరానులో, తుర్కీలో తుపాకి వాడకం పెరిగి ఖడ్గానికి విలువ తగ్గింది. 1856లో హెన్రీ బెస్సెమర్ కనుగొన్న పద్ధతితో టన్నుల కొలదీ చౌక ఉక్కు అరగంటలోపే తయారుకాసాగింది. ఒకటిన్నర పౌన్ల బిళ్ళకు రోజుల తరబడి కొలిమి ముందు కూర్చునే కమ్మరి దానితో పోటీపడటం అసాధ్యం. అడవులు ప్రభుత్వ రక్షణలోకి వెళ్ళడంతో బొగ్గు కాల్చడం కష్టమైంది. ఓడల మీద, తరువాత రైళ్ళ మీద దిగుమతి ఇనుము సంతలకు చేరింది. ఇనుము తీసే కుటుంబాలు నాగళ్ళు, కొడవళ్ళు, బండి చక్రాల పట్టాలు చేసే కమ్మరులుగానో, వ్యవసాయ కూలీలుగానో మారాయి.

ఈ విద్య వ్రాతలో లేదు. తండ్రి నుండి కొడుకుకు చేతితో అందినది. అందువలన ఒక తరం కొలిమి ఆర్పితే తరువాతి తరానికి ఏమీ మిగలలేదు. మిగిలినది పరదేశీయుడు వ్రాసిన కొద్ది పుటలు, మట్టిలోని పెంకులు. వాయిసీ వివరణలో ఇరాను వర్తకుని పేరున్నది కాని కొలిమి దగ్గర పనిచేసిన కమ్మరులలో ఎవరి పేరూ ప్రసిద్ధికి రాలేదు.

ఇరవయ్యవ శతాబ్దపు సైనిక కత్తులు

మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల పోరాటం కత్తికి మళ్ళీ ప్రాధాన్యం తెచ్చింది. ఇరుకైన కందకంలో తుపాకి, దానిపై పొడవైన బాయొనెట్ తిప్పడం వీలుకాదు. సైనికులు బాయొనెట్లను కోసి పొట్టివి చేసుకున్నారు. 1918లో అమెరికా సైన్యం పిడికిలికి ఇత్తడి గుబ్బల కవచం ఉన్న కందకపు కత్తిని ప్రవేశపెట్టింది. పిడికిలిని కాపాడాలన్న ఆలోచన విజయనగరపు కటారిలో ఎప్పుడో ఉన్నదే.

రెండవ ప్రపంచయుద్ధంలో రెండు భిన్నమైన రూపాలు ప్రసిద్ధి పొందాయి. షాంఘై పోలీసులో పనిచేసిన ఫెయిర్‌బైర్న్, సైక్స్ అనే ఆంగ్లేయులు రూపొందించిన సన్నని రెండువాదరల బాకు 1941లో బ్రిటిష్ కమాండోలకు అందింది. అది పొడవడానికి తప్ప మరి దేనికీ పనికిరాదు. డబ్బాలు తెరవబోయిన సైనికుల చేతిలో మొనలు విరిగేవి. 1942లో అమెరికా మెరైన్ దళం తీసుకున్న కాబార్ కత్తి దీనికి భిన్నం. ఏడు అంగుళాల మందమైన అలుగు, ఒకే వాదర, తోలు బిళ్ళలు పేర్చి చేసిన పిడి. దానితో పోరాడవచ్చు, కట్టెలూ కొట్టవచ్చు. తరువాతి కాలపు సైన్యాలు చాలావరకు ఈ రెండవ మార్గాన్నే అనుసరించాయి. సోవియట్ ఏకేఎం తుపాకి బాయొనెట్ అలుగులో ఒక రంధ్రం ఉంటుంది. ఒర మీది మేకును అందులో దూర్చితే అది ముళ్ళతీగ కత్తిరించే కత్తెర అవుతుంది. 1986లో అమెరికా తీసుకున్న ఎం9 కూడా ఇదే కోవలోనిది.

భారతసైన్యంలో గూర్ఖా దళాల కుక్రీ ఇంకా నిలిచి ఉంది. ముందుకు వంగిన దాని అలుగులో బరువంతా మొన వైపు చేరి గొడ్డలిలా నరుకుతుంది. పౌరులకు మాత్రం 1959 ఆయుధాల చట్టం, దాని నియమాల ప్రకారం, ఇంటికి, వ్యవసాయానికి, పరిశ్రమకు కాక ఆయుధంగా చేసిన తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు గల కత్తుల విషయంలో ఆంక్షలున్నాయి. పాత ఖడ్గాలు, బాకులు ఇళ్ళలో ఉన్నవారు ఈ విషయం తెలుసుకొని ఉండటం అవసరం.

ఉక్కు పరిశోధన మరొక రూపంలో తెలంగాణకు తిరిగి వచ్చింది. రక్షణ లోహ పరిశోధనశాల 1963లో, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిశ్ర ధాతు నిగమ్ 1973లో హైదరాబాదులో ఏర్పడ్డాయి.

ప్రస్తుత స్థితి

2010లో ఇంగ్లాండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలసి ఉత్తర తెలంగాణ జిల్లాలలో పాత ఇనుము, ఉక్కు కొలిముల ఆనవాళ్ళను నమోదు చేశాయి. జిల్ జులెఫ్, శారదా శ్రీనివాసన్, ఎస్. రంగనాథన్ దీనికి పూనుకున్నారు. ఈ ప్రాంతపు ఇనుప పరిశ్రమ మీద చాలాకాలంగా కృషి చేసిన ఎస్. జైకిషన్ కూడా ఇందులో పాల్గొన్నారు. ఎన్నో గ్రామాలలో చిట్టెం దిబ్బలు, మూసల పెంకులు బయటపడ్డాయి.

ఇటువంటి దిబ్బలు చూడటానికి ఘనంగా ఉండవు. పొలం చదును చేయడానికి, రోడ్డుకు మట్టి పోయడానికి, ఇళ్ళ పునాదులకు వాటిని తవ్వుకుపోతారు. కోట గోడ కూలితే పదిమందికి కనిపిస్తుంది, చిట్టెం దిబ్బ పోతే ఎవరికీ తెలియదు. ఖానాపూర్, మామడ, ఇబ్రహీంపట్నం, కమ్మర్‌పల్లి మండలాల పాఠకులు తమ ఊరి పొలాలలో నల్లని బరువైన గుళ్ళరాళ్ళు, లోపలి వైపు గాజులా మెరిసే మందమైన మట్టి పెంకులు కనిపిస్తే వాటిని అక్కడే ఉంచి, స్థలం, సర్వే నంబరు వ్రాసుకొని, ఛాయాచిత్రం తీసి పురావస్తు శాఖకు తెలియజేయవచ్చు. పెంకును తీసి ఇంటికి తెచ్చుకుంటే అది ఏ కొలిమిదో చెప్పే ఆధారం పోతుంది.